టెక్ సందేహాలు: డ్రైవర్ వెతికే ముందు కాగితం సైజు చూడండి

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి సపోర్టు ముగిసింది. 11 ఎక్కని పాత కంప్యూటర్లను పారేయడానికి మనసొప్పక చాలామంది ఉచితంగా దొరికే లైనక్స్ రకాల్లో మింటో, ఉబుంటునో వేసుకున్నారు. మంచి పనే చేశారు. కానీ అప్పటి నుంచి నాకొస్తున్న సందేహం ఒక్కటే, ఊళ్లే మారుతున్నాయి. పరకాల, జనగామ, మంచిర్యాల, మళ్లీ పరకాల. అందరిదీ ప్రింటర్ బాధే, దాన్ని నడిపించే డ్రైవర్ అనే ప్రోగ్రామ్ కోసం వెతుకులాటే. విడివిడిగా రాసి రాసి విసుగొచ్చి ఈసారి కాలమ్ మొత్తం దానికే ఇచ్చేస్తున్నాను. కమాండ్లు, సెట్టింగుల పేర్లు ఇక్కడ తెలుగు అక్షరాల్లో ఉన్నా, కంప్యూటర్లో మాత్రం ఇంగ్లిష్‌లోనే టైప్ చేయాలి. పోయినసారి ఒకరు నిజంగానే తెలుగులో కొట్టి, పని చేయట్లేదని కోప్పడ్డారు.

ప్రశ్న: మాది జిరాక్స్, ఆన్‌లైన్ సెంటర్. పాత సిస్టమ్‌లో లైనక్స్ మింట్ వేశాను. రెండేళ్ల కిందట కొన్న ఇంక్ ట్యాంక్ ఆల్ ఇన్ వన్ ప్రింటర్ కేబుల్ పెట్టగానే కనిపించింది. కానీ ప్రింట్ ఇస్తే ఆరెంజ్ లైటు కొట్టుకుంటూ ఆగిపోయేది. ఒక వీడియో చూసి, అందులో చెప్పిన ప్యాకేజీ తీసేసి, కింద ఇచ్చిన లింకు నుంచి డ్రైవర్ వేసే కమాండ్ల ఫైలు, అదే స్క్రిప్ట్, నడిపాను. ఇప్పుడు ఒకే ప్రింటర్ రెండుసార్లు కనిపిస్తోంది. జాబ్ కంప్లీటెడ్ అంటుంది, కాగితం రాదు. స్కానర్ కూడా పోయింది. గిరాకీ వాపస్ పోతున్నారు. అసలైన డ్రైవర్ ఎక్కడ దొరుకుతుంది? — ఒక పాఠకుడు, నర్సంపేట

మీకు డ్రైవర్ అక్కర్లేదు. కేబుల్ పెట్టిన మొదటి రోజు కూడా అక్కర్లేదు.

ఇదే కథ పోయిన నెల హన్మకొండ సుబేదారిలో ఒక జిరాక్స్ షాపులో దగ్గరుండి చూశాను. ప్రింటర్ ట్రేలో కొత్త కాగితాలు నిండుగా ఉన్నాయి. అయినా ఆరెంజ్ లైటు టపటపా కొట్టుకుంటోంది. కౌంటర్ దగ్గర ముగ్గురు ఆధార్ కార్డులు పట్టుకుని నిలబడ్డారు. షాపు పిల్లాడు ట్రే లాగాడు, కాగితాలు దులిపాడు, మళ్లీ తోశాడు. ప్రింటర్ చిన్న తెర మీద ‘లోడ్ లెటర్’ అని పడింది. “లెటర్ పెట్టమంటుంది సార్. ఏం లెటర్? ఎవలకు రాయాలె?” అన్నాడు. నవ్వొచ్చింది కానీ, తప్పు వాడిది కాదు.

లెటర్ అంటే అమెరికా వాళ్ల కాగితం సైజు. మన ఏ4 కంటే ఆరు మిల్లీమీటర్లు వెడల్పు ఎక్కువ, 18 మిల్లీమీటర్ల దాకా పొడవు తక్కువ. లైనక్స్ ఎక్కించేటప్పుడు భాష అడిగితే అందరం కళ్లు మూసుకుని ‘ఇంగ్లిష్, యునైటెడ్ స్టేట్స్’ నొక్కుతాం. దాంతో కంప్యూటర్ అమెరికాలో ఉన్నాననుకుని ప్రతి పేజీనీ లెటర్ సైజులో పంపుతుంది. ప్రింటర్ ఆ కాగితం కోసం ఎదురుచూస్తూ కూర్చుంటుంది. ‘ట్రేలో ఏ4 ఉంది, దాని మీదే వేసెయ్యనా?’ అని ఒక్క మాట అడిగే తెలివి అంత ఖరీదైన యంత్రానికి ఎందుకు పెట్టరో నాకు ఇప్పటికీ అర్థం కాదు. లాంగ్వేజెస్ సెట్టింగులో రీజియన్‌ను ‘ఇంగ్లిష్, ఇండియా’ చేయండి. ప్రింటర్ ప్రాపర్టీస్‌లో మీడియా సైజు ఏ4 పెట్టండి. అంతకుముందే లెటర్ సైజులో తయారైన ఫైళ్లు మాత్రం లెటర్‌గానే ఉంటాయి, వాటి పేజీ సైజు విడిగా మార్చాలి. సుబేదారి షాపులో రెండు నిమిషాల పని. ఆధార్ జిరాక్స్ వాళ్ల చేతికి వచ్చేసింది.

మీ విషయంలో ఆ రెండు నిమిషాల పని వీడియో దగ్గర దారి తప్పింది. 2022లో వచ్చిన మింట్ 21 నుంచి యూఎస్‌బీ ప్రింటర్లకు కూడా డ్రైవర్ లేకుండా నడిచే పద్ధతి పెట్టారు. ఐపీపీ యూఎస్‌బీ అనే చిన్న ప్రోగ్రామ్ కేబుల్ మీద కూర్చుని, ప్రింటర్ నెట్‌వర్క్‌లో ఉన్నట్టే దానితో మాట్లాడుతుంది. స్కానింగ్ సంగతి సేన్ ఎయిర్‌స్కాన్ అనే ఇంకో ప్రోగ్రామ్ చూసుకుంటుంది. ఈ పద్ధతి పడని ప్రింటర్లు కొన్ని ఉన్నాయి కాబట్టి, అలాంటప్పుడు ఈ రెండూ తీసేయండని మింట్ వాళ్లే రాశారు. ఎవరికో రాసిన మందు చీటీ వీడియోల వాళ్లు ఊరందరికీ పంచారు. మీరు ఆ ప్యాకేజీ తీసేసిన రోజే స్కానర్ పోయింది. స్క్రిప్ట్ పాత తరహా ప్రింటర్ ఒకటి జతచేసి, దాన్నే డిఫాల్ట్‌గా పెట్టి ఉంటుంది. జాబ్ దానికి పోతోంది. కంప్లీటెడ్ అంటే కంప్యూటర్ తన వంతు పంపేసిందని మాత్రమే. కాగితం బయటికొచ్చిందని కాదు.

రిపేరు ఇలా ఉంటుంది: బ్రౌజర్లో లోకల్‌హోస్ట్:631 తెరిస్తే, లైనక్స్‌లో ప్రింటింగ్ పని చూసుకునే కప్స్ అనే ప్రోగ్రామ్ పేజీ వస్తుంది. అక్కడ రెండు ప్రింటర్లనూ తీసేయాలి. పైనుంచి వేసుకున్న డ్రైవర్ ప్యాకేజీ ఏదైనా ఉంటే తీసేసి, ఐపీపీ యూఎస్‌బీ, సేన్ ఎయిర్‌స్కాన్ మళ్లీ వేసుకోవాలి. కేబుల్ ఒకసారి పీకి పెడితే ప్రింటర్ తనంతట తానే వస్తుంది. ఆ తర్వాత ఏ4.

అయితే ఇదంతా ఆ స్క్రిప్ట్ నడపని వాళ్లకు. మీరు నడిపారు. ఇక్కడే నాకు టెన్షన్.

స్క్రిప్ట్ ముందు, కంప్యూటర్ మీద పూర్తి అధికారం ఇచ్చే ‘సుడో’ పెట్టి పాస్‌వర్డ్ కొట్టారు కదా. దాని అర్థం, ఎవరో ముక్కూమొహం తెలియని మనిషికి షాపు తాళాలతో పాటు గల్లా పెట్టె తాళం కూడా ఇచ్చారు. వాడు డ్రైవరే వేశాడా, పక్కన ఇంకేదైనా పెట్టాడా అన్నది మీకు కనిపించదు. ఇది ఇంట్లో పిల్లలు ఆడుకునే కంప్యూటర్ అయితే ఇంత గొంతు చించుకునేవాణ్ణి కాదు. మీ సెంటర్లో రోజూ ఏం ప్రింట్ అవుతాయో ఒకసారి గుర్తు చేసుకోండి. ఆధార్లు, పాన్‌లు, పట్టాదారు పాస్‌బుక్కులు, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీలు, హాల్ టికెట్లు.

పైగా చాలామంది జిరాక్స్ షాపుల వాళ్లకు తెలియని సంగతి ఇంకోటుంది. లైనక్స్‌లో ప్రింట్ ఇచ్చిన ప్రతి ఫైలు కాపీ వార్ ఫోల్డర్లో, స్పూల్ లోపల, కప్స్ అనే ఫోల్డర్లోకి పోతుంది. కాగితం బయటికొచ్చాక కూడా వెంటనే చెరిగిపోదు. ఎవరూ సెట్టింగు మార్చకపోతే 86,400 సెకన్లు, అంటే ఒక పూర్తి రోజు అక్కడే ఉంటుంది. గిరాకీ ముందర మీరు వాట్సాప్ ఫైలు డిలీట్ చేసి ‘తీసేసినం అన్నా’ అంటారు. అబద్ధం చెప్పారని కాదు. ఆ ఫైలు ఇంకోచోట ఉందని మీకే తెలియదు. మామూలు యూజర్‌కు ఆ ఫోల్డర్ తెరుచుకోదు. రూట్‌కు, అంటే సుడోతో వచ్చే పూర్తి అధికారానికి, తెరుచుకుంటుంది. రూట్ ఎవరికిచ్చారో పైన చెప్పుకున్నాం.

దీనికి మందు చిన్నదే. కప్స్ పేజీలో అడ్మినిస్ట్రేషన్ కింద కాన్ఫిగరేషన్ ఫైలు తెరిచి, ‘ప్రిజర్వ్ జాబ్ ఫైల్స్ నో’ అని ఒక లైను (మొదటి మూడు మాటలూ ఖాళీ లేకుండా కలిపి రాసి) చేర్చి సేవ్ చేయండి. అప్పటినుంచి ప్రింట్ కాగానే ఫైలు చెరిగిపోతుంది. జిరాక్స్ సెంటర్ నడిపే ప్రతి ఒక్కరూ ఇది ఈరోజే చేయాలి. ప్రింట్ ఇచ్చేవాళ్లు కూడా, పూర్తి నంబర్ అవసరం లేని చోట, చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. ఆ సదుపాయం ఆధార్ ఇచ్చే సంస్థ ఉడాయ్ వెబ్‌సైట్లోనే ఉంది. ఎంతమంది వాడుతున్నారో కౌంటర్ మీద చూస్తే తెలుస్తుంది.

ప్రింటర్ దారిన లోపలికి రావడం నా ఊహ అనుకోకండి. 2024 సెప్టెంబర్‌లో సిమోనే మార్గరిటెల్లి అనే ఇటలీ పరిశోధకుడు బయటపెట్టిన లోపం సరిగ్గా ఇదే. చుట్టుపక్కల ప్రింటర్లను వెతికిపెట్టే కప్స్ బ్రౌజ్డ్ అనే ప్రోగ్రామ్, 631 పోర్టుకు, అంటే కంప్యూటర్లోకి వచ్చే ఆ నంబరు ద్వారానికి, ఎవరు కబురు పెట్టినా నమ్మేది. దొంగ ఒక అబద్ధపు ప్రింటర్ను చూపించి, మీరు దానికి ప్రింట్ ఇచ్చిన క్షణంలో తన కమాండ్ మీ కంప్యూటర్లో నడిపించగలిగేవాడు. దానికి అప్‌డేట్లు వచ్చాయి. ‘తర్వాత గుర్తుచేయి’ అని నెలల తరబడి నొక్కుతున్న వాళ్లు ఈపూట వేసుకోండి. యూఎస్‌బీ ప్రింటర్ ఒక్కటే ఉన్న షాపుకు ఆ ప్రోగ్రామ్‌తో పనే లేదు, ఆపేసినా నష్టం లేదు.

కాబట్టి నర్సంపేట మిత్రమా, రిపేరు వదిలేయండి. ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లోకి తీసుకుని, మింట్‌ను వాళ్ల అసలు సైటు నుంచి తెచ్చి కొత్తగా వేయండి. గంట పని. బ్యాంకు, మెయిల్, ఆన్‌లైన్ పోర్టళ్ల పాస్‌వర్డ్‌లు వేరే కంప్యూటర్ నుంచి మార్చండి. ఖాతాలో డబ్బు కదిలినట్టు కనిపిస్తే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి. ఇంకో మాట. ‘ప్రింటర్ హెల్ప్‌లైన్’ అని వెతికితే పైన కనిపించే నంబర్లకు ఫోన్ చేసి, వాళ్లు చెప్పిన రిమోట్ యాప్ మాత్రం వేసుకోకండి. స్క్రిప్ట్ కనీసం మాట్లాడదు. వీళ్లు తియ్యగా మాట్లాడి ఓటీపీ అడుగుతారు.

ప్రశ్న: మా స్కూల్లో పన్నెండేళ్ల నాటి చిన్న లేజర్ ప్రింటర్ ఉంది. విండోస్‌లో బాగా నడిచేది. ఉబుంటులో పేరు కనిపిస్తుంది, తెల్ల కాగితం కూడా కదలదు. కంపెనీ సైట్లో లైనక్స్ డ్రైవర్ ఉంది కానీ ఎక్కట్లేదు. — ఒక ఉపాధ్యాయురాలు, జగిత్యాల

ఆ తరం చిన్న లేజర్లలో చాలావాటికి సొంత బుర్ర ఉండదు మేడమ్. పేజీని చుక్కలుగా మార్చే పనంతా కంప్యూటరే చేయాలి. ఆ చుక్కలు పంపే భాష కంపెనీ రహస్యం. లోపలి చిప్పు, మెమరీ తగ్గించి రేటు తగ్గించారు, మనం సంతోషంగా కొన్నాం. కొన్నింటికైతే స్విచ్ వేసిన ప్రతిసారీ కంప్యూటర్ నుంచి ఫర్మ్‌వేర్, అంటే ప్రింటర్‌ను లోపల నడిపే ప్రోగ్రామ్, కూడా ఎక్కించాలి. రాత్రి నిద్రపోతే పొద్దున్నే తన పేరే మర్చిపోయే మనిషి లాంటిది. 1990లలో వచ్చిన, పోస్ట్‌స్క్రిప్ట్ అనే రహస్యం కాని పేజీ భాష తెలిసిన ప్రింటర్, బరువు మోయలేక ఇద్దరు పట్టుకునేది, ఈరోజు కేబుల్ దొరికితే లైనక్స్‌లో నడుస్తుంది. దాని తర్వాత ఎప్పుడో వచ్చిన మీది నడవట్లేదు. దీన్ని అభివృద్ధి అంటున్నారు.

కంపెనీ డ్రైవర్ ఎక్కకపోవడానికి పెద్ద కారణం, అది పాత 32 బిట్ కంప్యూటర్ల కాలంలో రాసి వదిలేసింది కావడం. దానికోసం పాత లైబ్రరీలు, అంటే అది ఆధారపడే సహాయ ఫైళ్లు, ఒక్కొక్కటే తెచ్చి వేసుకుంటూ పోతే వారం పోతుంది, ఉబుంటు కూడా పాడవుతుంది. ఒక్కటే చేయండి. సెట్టింగ్స్‌లో ప్రింటర్ జతచేసేటప్పుడు వచ్చే మోడళ్ల జాబితాలో మీది ఉందేమో వెతకండి. చాలా మోడళ్ల రహస్య భాషను స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లు ఏళ్ల తరబడి విప్పి పెట్టారు. ఉంటే అదృష్టం. లేకపోతే పాత విండోస్ కంప్యూటర్ ఒకటి ఇంటర్నెట్ తీసేసి ప్రింటర్ పక్కన పెట్టండి, పీడీఎఫ్‌లు పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లండి. అందంగా ఉండదు కానీ పరీక్ష పేపర్లు ఆగవు. పోరాడి గెలిచినా ఎక్కువ కాలం ఉండదు. కప్స్ మూడో వెర్షన్లో పాత తరహా డ్రైవర్లకు చోటు ఉండదని దాన్ని తయారుచేసేవాళ్లు ముందే చెప్పేశారు.

కొత్తది కొనాల్సి వస్తే నిమిషానికి ఎన్ని పేజీలన్నది తర్వాత. అట్టపెట్టె మీద ఎయిర్‌ప్రింట్ అని ఉందా చూడండి. అది ఐఫోన్ వాళ్ల కోసం పెట్టిందే అయినా, అది ఉన్న ప్రింటర్ లైనక్స్‌తో డ్రైవర్ లేకుండానే మాట్లాడుతుంది. షాపులో కుర్రాడు ‘అన్నిట్లో నడుస్తది మేడమ్’ అంటాడు. వాడికి అన్నీ అంటే విండోస్, ఆండ్రాయిడ్.

కొన్నాక ఇంకో గొడవ. ‘భద్రత మెరుగుపరిచాం’ అని ఒక అప్‌డేట్ వస్తుంది. అది వేసిన మర్నాడు నిన్నటిదాకా నడిచిన రీఫిల్ కార్ట్రిడ్జ్ చెల్లదంటుంది. ఎవరి భద్రత? నా డబ్బుతో కొన్న యంత్రంలో ఏ సిరా పోయాలో రాత్రికి రాత్రి వేరెవరో నిర్ణయించడం నాకు మింగుడు పడదు. నిజానికి ప్రోగ్రామ్‌ను ఎవరైనా చూసి మార్చుకోగలగాలనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమం వెనుక కూడా ఒక ప్రింటర్ మీద కోపం ఉంది. 1980 ప్రాంతంలో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయం ల్యాబ్‌కు ఒక లేజర్ ప్రింటర్ వచ్చింది. మనం ఫొటోకాపీని ఏ పేరుతో పిలుస్తామో ఆ కంపెనీదే. అది మాటిమాటికీ కాగితం ఇరికించుకునేది. ఇరుక్కోగానే అందరికీ కబురు వెళ్లేలా ప్రోగ్రామ్ మారుద్దామని అక్కడి ప్రోగ్రామర్ రిచర్డ్ స్టాల్‌మన్ దాని సోర్స్ కోడ్ అడిగితే, అది ఉన్న పరిశోధకుడు ఇవ్వనన్నాడు, ఎవరికీ ఇవ్వనని సంతకం చేశానన్నాడు. ఆ కోపం చల్లారలేదు. 1983లో స్టాల్‌మన్ గ్నూ ప్రాజెక్టు ప్రకటించాడు. మీ ఉబుంటులో చాలా పనిముట్లకు మూలం అదే. నలభై ఏళ్లు దాటినా మనం ఇంకా ప్రింటర్ దగ్గరే నిలబడి ఉన్నాం.

ప్రశ్న: పెళ్లి పత్రికల డీటీపీ చేస్తాను. లైనక్స్‌లో తెలుగు ఫైలు ప్రింట్ ఇస్తే అంతా ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు వస్తున్నాయి. ప్రింటర్ డ్రైవర్ తప్పా? — ఒక పాఠకుడు, కరీంనగర్

పాపం ప్రింటర్‌ది ఏ తప్పూ లేదు. మీ ఫైలు ‘అను’ అనే పేరున్న పాత తెలుగు ఫాంట్లలో చేసింది. అవి ప్రతి తెలుగు అక్షరానికీ సొంత స్థానం ఉన్న యూనికోడ్ కాదు, ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు బొమ్మలు పెట్టుకున్న ఫాంట్లు. ఆ ఫాంట్ లేని చోట బొమ్మ పోయి, కింద దాక్కున్న ఇంగ్లిష్ బయటపడుతుంది. ఫైలు చేసిన పాత కంప్యూటర్లోనే ఫాంట్లు లోపల ఉండేలా పీడీఎఫ్ చేసుకుని, దాన్ని ఇక్కడ ప్రింట్ ఇవ్వండి, చక్కగా వస్తుంది. కొత్త పత్రికలు యూనికోడ్‌లో మొదలుపెట్టండి. ప్లేటుకు పంపే ముందు మాత్రం వధూవరుల పేర్లలో ఒత్తులు ఒకసారి కాగితం మీద చూసుకోండి, పీడీఎఫ్‌లో బాగుందని వదిలేయకండి.