ఇంటికి తుపాకీ కొంటానన్న మేనల్లుడికి

పర్లాకిమిడి

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. పక్క ఊళ్ళో దొంగలు ఇంట్లో జొరబడి ముసలాయన్ను మంచానికి కట్టేశారని చదివి నాకూ నిద్ర పట్టలేదు. నీ భయంలో అర్థం ఉంది. కాశీనగరం దాటాక వంశధార వైపు ఒంటరి ఇల్లు, వెనక జీడితోట, పక్కన మిల్లు. ధాన్యం రోజుల్లో నీ దగ్గర నగదు ఉంటుందని చుట్టుపక్కల అందరికీ తెలుసు. "రివాల్వరు మంచిదా, రైఫిల్ మంచిదా" అని అడిగావు. సైన్యంలో ఉన్నన్నాళ్ళూ రైఫిల్‌తో, తరువాత బ్యాంకు గుమ్మంలో జోడు గొట్టాల తుపాకీతో బతికినవాణ్ణి కనుక సూటిగానే చెబుతాను.

ఏ తుపాకీ కొనాలో దుకాణంలో తేల్చుకోకూడదు. అది నీ ఇంట్లోనే తేలాలి. ఎవరు ఏ గదిలో పడుకుంటారు, గదుల మధ్య ఉన్నది ఇటుక గోడా సిమెంటు రేకా, తాళంచెవి ఎవరి మొలతాడుకు ఉంటుంది, ఇంటికి తరచూ వచ్చిపోయేవాళ్ళు ఎవరు? దొంగ ఏడాదికో పదేళ్ళకో వస్తాడు, అసలు రాకపోవచ్చు కూడా. నీ పిల్లలు మాత్రం ఆ తుపాకీ ఉన్న ఇంట్లోనే ప్రతి రాత్రీ పడుకుంటారు. అందుకే వాళ్ళకు ప్రమాదం లేకుండా దాచగలిగిన తుపాకీ ఏదో ముందు చూడు. దొంగ సంగతి ఆ తరువాత.

ఇంకో మాట ఉంది. రాయడం కష్టంగా ఉన్నా రాయకుండా ఉండలేను. పంట పోయి, అప్పులు మీద పడి మీ తమ్ముడు కిందటేడు ఎంత కుంగిపోయాడో నువ్వూ చూశావు, నేనూ చూశాను. నెలలో కొన్ని రోజులు అతను మీ ఇంట్లోనే ఉంటాడు. మనసు అలా ఉన్న మనిషికి చేతికందే దూరంలో తుపాకీ ఉండకూడదు. మామూలుగానైతే దాటిపోయే చీకటి ఘడియ, చేతిలో తుపాకీ ఉంటే దాటదు. అతను పూర్తిగా కోలుకునేదాకా దరఖాస్తు పెట్టకు. ఆలోగా అతణ్ణి బరంపురం పెద్దాసుపత్రిలో మానసిక వైద్యుడికి చూపించు. తాగే అలవాటున్న మనిషి ఉన్న ఇంటికైనా నేను ఇదే చెబుతాను.

ఇక తుపాకుల సంగతి. నీ మనసు రివాల్వరు మీద ఉందని ఉత్తరంలోనే తెలుస్తోంది. చిన్నది, దిండు కింద పడుతుంది, చేతిలో దర్జాగా ఉంటుంది. కాన్పూరు కర్మాగారం .32 రివాల్వరు చేస్తుంది. అదే రకంలో తేలికగా ఉండే నిర్భీక్ అనేదాన్ని 2014లో తెచ్చారు. రెండూ చెడ్డవి కావు. అయినా రివాల్వరుతో గురి కుదరడం అన్నిటికంటే కష్టం. గొట్టం పొట్టిది, ట్రిగ్గర్ బరువు. వేలు లాగుతుంటే చెయ్యి వేలంత పక్కకు జరిగితే చాలు, గది అవతల గుండు మూరెడు పక్కకు పోతుంది. భయంతో చేతులు వణికే వేళ సంగతి చెప్పనే అక్కరలేదు. క్రమం తప్పకుండా సాధన చేసేవాడికి అది ఆయుధం. సాధనకు మన వైపు చోటేదీ? పైగా దిండు కింద పడుతుందనే గుణమే దాని పెద్ద దోషం. అంత చిన్న వస్తువు పిల్లవాడి చేతికి కూడా అంతే సులువుగా దొరుకుతుంది.

.315 రైఫిల్ వద్దే వద్దు. అది పొలాల్లో దూరపు గురికి పనికొచ్చేది. దాని గుండు మనిషిలోంచి, తలుపులోంచి, రేకు గోడలోంచి దూసుకుపోయి పక్క గదిలో ఉన్న మా అక్క మంచం దాకా వెళ్తుంది. మిల్లులో రాత్రి కాపలా కూలీలు కూడా పడుకుంటారు కదా.

నా సలహా పన్నెండు బోరు జోడు గొట్టాల తుపాకీ. ఎందుకో వివరంగా చెబుతాను, నీ ప్రశ్నకు అసలు జవాబు ఇక్కడే ఉంది. దాన్ని మధ్యకు విరిచి తెరిస్తే గొట్టాల వెనక తూటా కూర్చునే రెండు గదులూ కంటికి కనిపిస్తాయి. తూటా ఉందా లేదా అన్న అనుమానానికి తావు లేదు. చీకట్లో అయితే బొటనవేలు పెట్టి తడిమి చూడొచ్చు. లోపల తూటా మిగిలిందని తెలియక జరిగే చావులు తుపాకీ ఉన్న ఇళ్ళలో ఎన్నో. అలాంటివి జరగకుండా కాపాడడంలో దీనికి సాటి లేదు. గొట్టాలు, ముందు చెక్క, భుజానికి ఆనే వెనక బట్టు అని మూడు ముక్కలుగా విడిపోతుంది, ముక్కలను వేర్వేరు చోట్ల తాళం వేసి పెట్టుకోవచ్చు. యంత్రం సాదాది. ఒక తూటా పేలకపోతే రెండో ట్రిగ్గర్ ఉంది. ముందు చెక్కను వెనక్కి లాగి తూటా ఎక్కించే పంపు తుపాకీలో ఎక్కువ తూటాలు పడతాయి, నిజమే. కానీ కంగారులో చెయ్యి పూర్తిగా వెనక్కి లాగకపోతే తూటా ఇరుక్కుంటుంది. సైన్యంలో తర్ఫీదు పొందిన కుర్రాళ్ళే తడబడడం నేను చూశాను. ఒంటి గొట్టం చౌక. చేతిలో డబ్బు తక్కువైతే అదీ తప్పు లేదు.

పన్నెండు బోరుకు గురి అక్కరలేదు, తూటాలోని సీసపు రవ్వలు చెదిరి అంతా కప్పేస్తాయి అని ఎవరైనా అంటే నమ్మకు. గది దూరంలో రవ్వలు పెద్దగా చెదరవు. గురి పెట్టాల్సిందే. తూటాల్లో ఎల్.జి., ఎస్.జి. అని పెద్ద గుండ్లవి ఉంటాయి. అవి పలచని తలుపులను, రేకులను దాటి పోతాయి. రేకు గోడలున్న నీ ఇంటికి నాలుగో నంబరు సన్న రవ్వల తూటా చాలని నా అభిప్రాయం. దుకాణదారు ఇంకోలా చెప్పవచ్చు, నీ ఇంటి గోడల సంగతి అతనికి తెలియదు.

మీ తాతగారి నాటి తుపాకీ అటక మీద ఉందని, దాన్నే బాగుచేయించనా అని చివర్లో ఒక్క వాక్యం రాశావు. అల్లుడూ, దానిలో తూటా పెట్టకు. రాజావారి కాలంలో మన ఊళ్ళకు వచ్చిన ఇంగ్లీషు తుపాకుల్లో కొన్నిటి గొట్టాల మీద పాము చర్మంలాంటి గీతలు ఉంటాయి. ఇనుప, ఉక్కు పట్టీలు చుట్టి అతికించి చేసినవి అవి. నాటి నల్ల తుపాకీ మందుకు తగినవే గాని నేటి తూటా పీడనానికి పగిలిపోవచ్చు. కొన్నిటి గది 65 మిల్లీమీటర్లది, ఇప్పుడు దొరికే తూటా 70 మిల్లీమీటర్లది. లోపలికి పడుతుంది, మూత కూడా పడుతుంది, పేలినప్పుడు తూటా మూతి విచ్చుకోవడానికి చోటు చాలక పీడనం పెరిగిపోతుంది. అంతకంటే ముందు, లైసెన్సుదారు పోయాక ఆ తుపాకీ ఎవరి పేరునా లేకుండా ఇంట్లో ఉండడమే నేరం. వకీలుతో మాట్లాడి, ఆలస్యం చేయకుండా స్టేషన్‌లో గానీ లైసెన్సున్న డీలరు దగ్గర గానీ జమ చేసి రసీదు తీసుకో.

కొండల్లో నాటు తుపాకీ నాలుగు వేలకు దొరుకుతుందని ఎవరో చెప్పారట. ఆ మనిషి మళ్ళీ వస్తే గుమ్మం ఎక్కనివ్వకు. అది పేలితే ముందు పోయేది నీ చెయ్యి. పట్టుబడితే, ఆయుధ చట్టానికి 2019లో వచ్చిన సవరణ తరువాత లైసెన్సు లేని తుపాకీకి రెండేళ్ళకు తగ్గకుండా ఐదేళ్ళ వరకు జైలు.

లైసెన్సు పర్లాకిమిడి కలెక్టరు కార్యాలయంలో ఇస్తారు. 21 ఏళ్ళు నిండాలి, కేసులు ఉండకూడదు, పోలీసు విచారణ జరుగుతుంది, వైద్యుడి ధ్రువపత్రం కావాలి, 2016 ఆయుధ నిబంధనల ప్రకారం ఆయుధ భద్రత శిక్షణ పూర్తిచేసిన పత్రమూ చూపాలి. ఆ శిక్షణను కాగితం కోసం చేసే పనిగా చూడకు, శ్రద్ధగా నేర్చుకో. 1959 ఆయుధ చట్టమే ఇక్కడ నా సలహాకు ఇంకో కారణం ఇస్తుంది. ఆత్మరక్షణకు 20 అంగుళాలకు తగ్గని నున్నని గొట్టం తుపాకీ, అంటే నేను చెప్పిన జోడు గొట్టాల లాంటిది, అడిగితే దారి సులువు. రివాల్వరో రైఫిలో అడిగితే దానికి తగిన కారణం ఉందని అధికారి నమ్మాలి. దరఖాస్తులో ఉన్నది ఉన్నట్టు రాయి: ఒంటరి ఇల్లు, మిల్లు నగదు, పక్క ఊరి సంఘటన. దళారికి ఒక్క రూపాయి ఇవ్వకు. వచ్చిన లైసెన్సు ఐదేళ్ళు చెల్లుతుంది.

మన సరిహద్దు ఊళ్ళవాళ్ళు మరిచిపోయే సంగతి ఒకటి ఉంది. లైసెన్సు ఏ ప్రాంతానికి చెల్లుతుందో దాని మీదే రాసి ఉంటుంది. ఒడిశాకే పరిమితమైతే, పెళ్ళికో మరమ్మతుకో తుపాకీ పట్టుకుని పాతపట్నం వెళ్ళడం కూడా నేరమే. కూరగాయలకు వెళ్ళినట్టు వెళ్ళి వచ్చే ఊరు కనుక మనకు అది వేరే రాష్ట్రమన్న ధ్యాసే ఉండదు. పెళ్ళిళ్ళలో గాల్లోకి కాలిస్తే రెండేళ్ళ వరకు జైలు, లక్ష వరకు జరిమానా. ఎన్నికల సమయంలో తుపాకీ జమ చేయమని కబురొస్తే మారు మాట లేకుండా చేసెయ్యి.

మన జిల్లాలోనే లఖారి లోయ అభయారణ్యం ఉంది. అభయారణ్యానికి పది కిలోమీటర్ల లోపు నివసించేవారి తుపాకీ లైసెన్సులకు 1972 వన్యప్రాణి చట్టం వేరే నిబంధన పెట్టింది. కొత్త లైసెన్సుకు ముఖ్య వన్యప్రాణి అధికారి సమ్మతి కావాలి. నీ ఇల్లు ఆ పరిధిలోకి వస్తుందో లేదో అటవీ కార్యాలయంలో ముందే కనుక్కో. తోటలోకి ఎలుగుబంటి వచ్చినా ఏనుగులు దిగినా తుపాకీ బయటికి తీయకు. చట్టం మాట అలా ఉంచు, రవ్వలు తగిలి రేగిన ఏనుగు ఊరి మీద పడితే ఆ పాపం ఎవరిది? అటవీ సిబ్బందికి ఫోను చెయ్యి.

తుపాకీ వచ్చిందని ఎవరికీ చెప్పకు. 2004లో కొరాపుట్ ఆయుధాగారం మీద, 2006 మార్చిలో మన ఆర్. ఉదయగిరి మీద మావోయిస్టులు పడింది తుపాకుల కోసం కూడా. ఇప్పుడు కాలం మారింది. అయినా తుపాకీ ఉన్న ఇల్లంటే దొంగకు భయం ఎంతో ఆశ కూడా అంతే. ఇంట్లో ఎవరూ లేనప్పుడు మొదట దాని కోసమే వెతుకుతాడు.

ఇక ఆ రాత్రి రానే వచ్చిందనుకో. తుపాకీ పట్టుకుని గది గదీ వెతుకుతూ తిరగకు. పొడవాటి గొట్టం మలుపులో నీకంటే ముందు కనబడుతుంది, పట్టుకుని గుంజేస్తారు. పైగా నీళ్ళకు లేచిన కొడుకు నీడ కూడా దొంగలాగే ఉంటుంది. అందరినీ మా అక్క గదిలోకి చేర్చు, ఆ గదికి మాత్రం గట్టి టేకు తలుపు, లోపలి గడియ పెట్టించు. కోడలు 112కి ఫోను చేస్తుంది. నువ్వు తలుపుకు పక్కగా నిలబడి, పోలీసులు వస్తున్నారని, తుపాకీ ఉందని గట్టిగా కేక వెయ్యి. చాలా మంది దొంగలు ఆ కేకకే పోతారు. పోతుంటే పోనివ్వు. డబ్బు పట్టుకుపోతున్నా సరే.

చట్టం కూడా అదే చెబుతుంది. భారతీయ న్యాయ సంహిత 41వ సెక్షన్ ప్రకారం సూర్యాస్తమయం తరువాత, సూర్యోదయానికి ముందు ఇల్లు పగలగొట్టి చొరబడినవాడి విషయంలో ఆత్మరక్షణ హక్కు ప్రాణం తీసేదాకా కూడా వెళ్ళవచ్చు. అయితే 37వ సెక్షన్ హద్దు పెట్టింది. రక్షణకు అవసరమైనంతకు మించి హాని చేయకూడదు, పోలీసుల సాయం పొందే వ్యవధి ఉంటే ఆ హక్కే లేదు. గోడ దూకి పారిపోయేవాడి వీపు మీద కాలిస్తే కోర్టులో నిలబడేది నువ్వే. లైసెన్సు నీ పేరున ఉంటే తుపాకీ ముట్టుకోవలసిందీ నువ్వొక్కడివే. కోడలికి కూడా కావాలంటే తనూ శిక్షణ పొంది తన లైసెన్సు తనే తీసుకోవాలి.

ఇవన్నీ అయ్యేలోపు నెలలు పడుతుంది. ఈ వారమే చేయగలిగిన పనులు ఉన్నాయి. వెనక తలుపుకు ఇనుప గ్రిల్లు, మిల్లు వైపు రెండు దీపాలు పెట్టించు. ఒక మంచి కుక్కను తెచ్చుకో. మిల్లు నగదు ఏ రోజుది ఆ రోజు బ్యాంకులో వేసి, ఇంట్లో డబ్బు ఉంచడం లేదని నలుగురిలో నువ్వే చెప్పు.

తుపాకీ కొనేముందు ఇనుప బీరువా కొను. గోడకు బోల్టులతో బిగించింది అయి ఉండాలి. తూటాలకు వేరే పెట్టె, వేరే తాళం. రెండు తాళంచెవులూ నీ ఒంటి మీదే ఉండాలి, గూట్లో కాదు, దేవుడి పటం వెనక కాదు. పిల్లలు వెతికే మొదటి చోట్లు అవే. బీరువా బిగించాక ఫోటో తీసి పంపు. అది చూశాకే నేను నీతో దుకాణానికి వస్తాను.

అక్కకు నా నమస్కారాలు చెప్పు.

మీ మామయ్య