ఘాట్ కోసం 4 లక్షలు ఎక్కువ పెట్టాలా?

మిర్యాలగూడ నుంచి ఒక లారీ ఓనర్ రాశారు. 14 టైర్ల కొత్త బండి తీసుకుంటున్నారు, 5 లీటర్ల 200 హార్స్‌పవర్ ఇంజినా, 4 లక్షలు ఎక్కువ పెట్టి 6.7 లీటర్ల 250దా అని అడుగుతున్నారు. నెలకు రెండుసార్లు బియ్యం వేసుకొని మంగళూరు, మిగతా రోజులన్నీ వాడపల్లి సిమెంటు హైదరాబాద్‌కు. మంగళూరు దారిలోని కొండరోడ్డు శిరాడి ఘాట్‌లో పాత బండి రెండో గేరులో కూడా గుంజట్లేదని బాధ.

అన్నా, మీ బియ్యం లోడు శిరాడిలో ఎక్కదు, దిగుతుంది. సకలేశపుర పైన, మంగళూరు కింద. మీరు ఎక్కేది రిటర్న్ లోడుతో, అదీ దొరికితేనే.

దొరికిందనే అనుకుందాం. బండి, లోడు కలిపి 42 టన్నులు, రోడ్డు 100 అడుగులకు 6 అడుగులు లేస్తోంది. గంటకు 20 కిలోమీటర్లతో ఎక్కాలంటే చక్రాల దగ్గరే సుమారు 210 హార్స్‌పవర్ కావాలి. గేర్‌బాక్సు, వెనక ఇరుసులోని క్రౌన్ గేరు దగ్గర పదో వంతు పోయిందనుకుంటే 250 ఇంజిన్ 21 స్పీడుతో ఎక్కుతుంది, 200ది 17తో. ఘాట్ పాతిక కిలోమీటర్లూ అంతే ఎత్తున్నా, నిజానికి అంత ఉండదు, ఒక ట్రిప్పులో 17 నిమిషాల తేడా, నెలకు అరగంట పైచిలుకు.

అదే 4 లక్షలు 11 శాతం వడ్డీకి 48 నెలలు కడితే కిస్తీ నెలకు 10,300 పెరుగుతుంది, మొత్తం మీద వడ్డీయే 96 వేలు దాటుతుంది. ఆ అరగంటకు నెలనెలా 10,300 ఇవ్వమని నేను చెప్పలేను.

పెద్ద ఇంజిన్‌లో సుఖం లేదని కాదు. తక్కువ ఆర్‌పీఎంలోనే గట్టిగా గుంజుతుంది, మాటిమాటికీ గేరు మార్చే పని తగ్గుతుంది, డ్రైవర్ అంతగా అలసిపోడు. మీ పని వారానికి రెండు ఘాట్ ట్రిప్పులయి, రెండు వైపులా లోడు ఖాయమైతే నేనే తీసుకోమంటాను. ఇప్పుడైతే మీ కిలోమీటర్లలో ఎక్కువ భాగం వాడపల్లి రోడ్డు మీదే, అక్కడ 200 చాలు.

మీరు గట్టిగా చూడాల్సింది దిగుడు. ఎగ్జాస్ట్ బ్రేకు, అంటే ఇంజిన్ పొగను ఆపి బండిని నెమ్మది చేసేది, ఎంత పట్టు పడుతుందో లోడున్న బండిలో కూర్చొని చూడండి, ఖాళీ బండిలో తెలియదు. ఏ గేరులో ఎక్కుతారో అదే గేరులో దిగాలి, ఫుట్ బ్రేకు మీదే దింపితే బ్రేకు లైనర్లు కాలిపోతాయి, ప్రాణం మీదికొస్తుంది.

మీ దగ్గర డబ్బుంటే మూడు నెలల కిస్తీ బ్యాంకులో పక్కన పెట్టండి, ముట్టుకోవద్దు. వానాకాలం కొండచరియలు పడి ఆ ఘాట్ మూసేసిన రోజుల్లో బండి ఆగుతుంది గానీ కిస్తీ ఆగదు. కొత్త బండి సంతకం పెట్టే ముందు పాత బండికి ఎయిర్ ఫిల్టరు, టర్బో పైపులు, క్లచ్చు చూపించండి. రెండో గేరులో కూడా గుంజట్లేదంటే నాకు ముందు వాటి మీదే అనుమానం.