అమెరికాలో మాజీ సైనికులను చూసే బయటి డాక్టర్లకు మానసిక ఆరోగ్యంపై ప్రత్యేక శిక్షణ ఎందుకు?

2018లో వచ్చిన మిషన్ చట్టం వల్ల అక్కడి మాజీ సైనికులు తమ వైద్యం, సంక్షేమం చూసే ప్రభుత్వ వెటరన్స్ శాఖ ఖర్చుతో, ఆ శాఖవి కాని బయటి క్లినిక్‌లలో కూడా వైద్యం పొందడం పెరిగింది. ఆ క్లినిక్‌లలో చాలామంది డాక్టర్లకు సైనిక జీవితం తెలియదు. నిద్ర పట్టడం లేదనో, నడుం నొప్పి అనో వచ్చిన మనిషి యుద్ధం సంగతి తనంతట తాను చెప్పడు. అందుకే శిక్షణలో మొదటి పాఠం ఒక్క ప్రశ్న: “మీరెప్పుడైనా సైన్యంలో పనిచేశారా?” ఆడవాళ్లను ఈ ప్రశ్న అడగాలని చాలామందికి తట్టదు. నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద లోపం ఇదే.

తర్వాత పీటీఎస్‌డీని, అంటే యుద్ధం లాంటి భయంకర ఘటన తర్వాత వదలకుండా వేధించే మానసిక సమస్యను, గుర్తుపట్టే ఐదు ప్రశ్నలు నేర్పుతారు. గత నెలలో పీడకలలు వచ్చాయా, ఆ ఘటన గుర్తుచేసే వాటిని తప్పించుకున్నారా, ఎప్పుడూ అప్రమత్తంగా ఉన్నారా, మనసు మొద్దుబారిందా, అపరాధ భావన వదలడం లేదా అని అడుగుతారు. ఇది వడపోత మాత్రమే, రోగ నిర్ధారణ కాదు. చికిత్సలో మాట్లాడి చేసే థెరపీకే మొదటి స్థానం. టెన్షన్ తగ్గడానికి బెంజోడయాజెపైన్ మాత్రలు రాయడం అలవాటైన డాక్టర్లు ఇక్కడ దాన్ని మానుకోవాలి. వెటరన్స్ శాఖ, రక్షణ శాఖ కలిసి ఇచ్చిన 2023 మార్గదర్శకాలు పీటీఎస్‌డీకి వాటిని వద్దన్నాయి.

ఇంట్లో తుపాకీ ఉందా అని తప్పుపట్టకుండా అడగడం కూడా నేర్చుకోవాల్సిందే, ఎందుకంటే మాజీ సైనికుల ఆత్మహత్యల్లో మూడింట రెండు వంతులకు పైగా తుపాకీతోనే జరుగుతున్నాయి. ఒక్క రోజు వర్క్‌షాప్‌తో ఇదంతా రాదు. వెటరన్స్ శాఖ తన థెరపిస్టులకు వర్క్‌షాప్ తర్వాత కూడా నెలల తరబడి నిపుణులతో కేసులు చర్చించే ఏర్పాటు చేసింది. అత్యవసరమైతే అక్కడి మాజీ సైనికులు 988కి ఫోన్ చేసి 1 నొక్కాలి.