సియాటిల్ స్టార్మ్ చరిత్ర ఏమిటి, 2026 సీజన్ ఎలా ఉండబోతోంది?

ఉద్యోగరీత్యా సియాటిల్‌కు వచ్చామని, ఇక్కడి మహిళల బాస్కెట్‌బాల్ జట్టు స్టార్మ్ చరిత్ర తెలుసుకోవాలని ఉందని, ఆట నేర్చుకుంటున్న మీ అమ్మాయి కోసం 2026 సీజన్ టికెట్లు కొనవచ్చా అని మీరు అడిగారు. తప్పకుండా కొనండి. అయితే 2026లోనే కప్పు వస్తుందన్న ఆశతో కొనకండి. ఒక జట్టును పునాదుల నుంచి ఎలా కడతారో పిల్లలు దగ్గరగా చూడటానికి ఇంతకంటే మంచి సమయం దొరకదని నా అభిప్రాయం. రెడ్మండ్‌లో ఉద్యోగం చేస్తూ, 2016 నుంచి మా అమ్మాయితో కలిసి ఈ జట్టు ఆటలు చూస్తున్న తల్లిగా ఈ మాట చెబుతున్నాను. ఇది 2025 డిసెంబరు చివర రాస్తున్నాను కనుక అప్పటివరకు జరిగిన సంగతులే ఇందులో ఉంటాయి.

స్టార్మ్ 2000లో అమెరికా మహిళల బాస్కెట్‌బాల్ లీగ్ అయిన డబ్ల్యూఎన్‌బీఏలో అడుగుపెట్టింది. మొదటి సీజన్‌లో ఆడిన 32 మ్యాచ్‌లలో గెలిచినవి ఆరే. అమెరికా లీగుల్లో కింది స్థానాల్లో ఉన్న జట్లకు కొత్త ఆటగాళ్లను ముందుగా ఎంచుకునే అవకాశం ఇస్తారు, దాన్నే డ్రాఫ్ట్ అంటారు. ఆ అవకాశంతో సియాటిల్ 2001లో ఆస్ట్రేలియాకు చెందిన లారెన్ జాక్సన్‌ను, 2002లో సూ బర్డ్‌ను, ఇద్దరినీ మొదటి ఎంపికగా తీసుకుంది. వాళ్లిద్దరి చుట్టూ అల్లిన జట్టు 2004లో కనెక్టికట్ సన్‌ను ఓడించి తొలి టైటిల్ గెలిచింది. అప్పటి కోచ్ ఆన్ డోనోవన్ ఈ లీగ్‌లో టైటిల్ గెలిచిన మొదటి మహిళా కోచ్ అయ్యారు. మున్ముందు ఏం జరగవచ్చో అంచనా వేయడానికి ఈ వరుస గుర్తుంచుకోవాలి: ముందు ఓటములు, ఆ తర్వాత డ్రాఫ్ట్‌లో మంచి ఎంపిక, ఆపైన కొన్నేళ్ల ఓపిక.

ఈ జట్టు చరిత్రలో నాకు అన్నిటికంటే గొప్పగా అనిపించే ఘట్టం కోర్టు మీద జరిగింది కాదు. ఆ రోజుల్లో స్టార్మ్, పురుషుల జట్టు సూపర్‌సోనిక్స్ రెండూ ఒకే యజమానుల చేతిలో ఉండేవి. 2006లో ఓక్లహోమాకు చెందిన క్లే బెనెట్ బృందం ఆ రెండు జట్లనూ కలిపి కొనుక్కుంది. నగరంలో కొత్త స్టేడియం విషయం తేలకపోవడంతో 2008లో సోనిక్స్‌ను ఓక్లహోమా సిటీకి తరలించారు. నలభై ఏళ్లకు పైగా ఈ ఊరి పేరుతో ఆడిన జట్టు అలా వెళ్లిపోవడం ఇక్కడి పాతవాళ్లకు ఇప్పటికీ మానని గాయమే, మా ఆఫీసులో ఆ ప్రస్తావన వస్తే ఇప్పటికీ గొంతు పెంచి మాట్లాడేవాళ్లు ఉన్నారు. స్టార్మ్ కూడా ఆ దారినే పోయేదే. కానీ స్థానిక మహిళలు నలుగురు ఫోర్స్ 10 హూప్స్ అనే సంస్థను ఏర్పాటు చేసి, కోటి డాలర్లకు ఈ జట్టును కొని ఊళ్లోనే నిలబెట్టారు. వారిలో డాన్ ట్రూడో, లీసా బ్రమెల్ ఇద్దరూ మైక్రోసాఫ్ట్‌లో ఉన్నత పదవుల్లో పనిచేసినవారు. జిన్నీ గిల్డర్ 1984 ఒలింపిక్స్‌లో పడవ పందెంలో రజత పతకం సాధించారు. నాలుగో సభ్యురాలు ఆన్ లెవిన్సన్ నగర పాలనలో డిప్యూటీ మేయర్‌గా పనిచేశారు. పురుషుల జట్టు అండ లేకుండా మహిళల జట్టు మనగలదా అని చాలామంది సందేహించిన కాలమది. 2023లో కొత్త పెట్టుబడిదారులు వాటా తీసుకున్నప్పుడు ఆ జట్టు విలువను 15.1 కోట్ల డాలర్లుగా లెక్కగట్టారు. 2024లో ఇంటర్‌బే ప్రాంతంలో స్టార్మ్ తన సొంత శిక్షణ కేంద్రాన్ని కూడా ప్రారంభించింది.

రెండో టైటిల్ 2010లో వచ్చింది, ఆ ఏడాది రెగ్యులర్ సీజన్‌లో, అంటే టైటిల్ పోరు దశకు ముందు జరిగే మ్యాచ్‌లలో, సొంత కోర్టులో ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు. తర్వాత జాక్సన్‌ను గాయాలు వెంటాడటంతో జట్టు మళ్లీ కిందికి జారింది. పాత పద్ధతే మళ్లీ పనికొచ్చింది: 2015లో జ్యువెల్ లాయిడ్, 2016లో బ్రియానా స్టూవర్ట్, ఇద్దరూ మొదటి ఎంపికలే.

2018 సెప్టెంబరులో ఫీనిక్స్ మెర్క్యురీతో జరిగిన సెమీఫైనల్ అయిదో మ్యాచ్‌ను మేము పాత కీ అరీనాలో, పై వరుసల్లో కూర్చుని చూశాము. సిరీస్‌లో మొదటి రెండు మ్యాచ్‌లు గెలిచి తర్వాతి రెండూ ఓడిన స్టార్మ్‌కు అదే ఆఖరి అవకాశం. ఎదుట ఉన్న డయానా టొరాసీ, అలాంటి చావోరేవో మ్యాచ్‌లలో అంతవరకు ఓటమి ఎరుగని ఆటగత్తె. ముందు మ్యాచ్‌లో ముక్కు విరగ్గొట్టుకున్న సూ బర్డ్ ముఖానికి రక్షణ మాస్కు కట్టుకుని బరిలోకి దిగింది. అప్పటికి ఆమె వయసు 37 ఏళ్లు. మూడు క్వార్టర్ల పాటు ఎక్కువగా బంతి అందిస్తూ ఉన్న ఆమె, జట్టు వెనకబడి ఉన్న నాలుగో క్వార్టర్లో తానే షాట్లు వేయడం మొదలుపెట్టి, ఆ ఒక్క క్వార్టర్లోనే 14 పాయింట్లు చేసింది. ప్రతి బుట్టకూ మా వరుసలో ముక్కూ మొహం తెలియనివాళ్లు ఒకరి భుజాలు ఒకరు పట్టుకుని ఊపేశారు. స్టార్మ్ 94-84తో గెలిచి, ఆపై ఫైనల్లో వాషింగ్టన్ మిస్టిక్స్‌ను వరుసగా మూడు మ్యాచ్‌లలో ఓడించి టైటిల్ అందుకుంది. మా అమ్మాయి బంతి పట్టుకుంది ఆ వేసవి తర్వాతే.

అరీనా పునర్నిర్మాణం వల్ల ఆ తర్వాత జట్టు కొన్నేళ్లు సొంత కోర్టు లేకుండా, ఎవరెట్‌లోనూ విశ్వవిద్యాలయం జిమ్‌లోనూ ఆడవలసి వచ్చింది. కరోనా కారణంగా 2020 సీజన్ మొత్తం ఫ్లోరిడాలోని బ్రాడెంటన్‌లో ప్రేక్షకులు లేకుండా జరిగితే, నాలుగో టైటిల్ అక్కడే గెలుచుకుంది. 2022లో బర్డ్ రిటైరైంది, ఆ వెంటనే స్టూవర్ట్ న్యూయార్క్‌కు వెళ్లిపోయింది. 2023లో 11 విజయాలు, 29 ఓటములు.

ఇక ఇప్పటి జట్టు విషయానికి వస్తాను. 2024లో నెకా ఒగుమికే, స్కైలర్ డిగ్గిన్స్ వంటి అనుభవజ్ఞులను తెచ్చుకుని 25 మ్యాచ్‌లు గెలిచినా, మొదటి రౌండ్‌లోనే లాస్ వెగాస్ ఏసెస్ చేతిలో ఇంటిదారి పట్టారు. 2025లో 23 విజయాలు, 21 ఓటములతో మళ్లీ ఏసెస్‌నే ఎదుర్కొన్నారు. రెగ్యులర్ సీజన్ చివరి 16 మ్యాచ్‌లూ వరుసగా గెలిచి వచ్చిన ఆ జట్టును సియాటిల్‌లో 86-83తో ఓడించి, నిర్ణాయకమైన మూడో మ్యాచ్‌లో 74-73తో, ఒక్క పాయింటు తేడాతో ఓడిపోయారు. ఏసెస్ ఆ తర్వాత టైటిలే గెలిచింది. ఆ లెక్కన మన జట్టు ఎంతో దూరంలో లేదని కొందరు వాదిస్తారు గానీ నేను ఒప్పుకోను. ముప్పై దాటినవారి అనుభవం మీద ఆధారపడిన ఆ జట్టు అందుకోగలిగిన ఎత్తు అదేననీ, అదే కూర్పుతో ఇంకో ఏడాది సాగదీస్తే వయసు మీదపడటం తప్ప ఒరిగేదేమీ లేదనీ నా అంచనా.

పైగా ఆ కూర్పు నిలిచే సూచనలు కూడా లేవు. ఒగుమికే, డిగ్గిన్స్, గాబీ విలియమ్స్‌ల కాంట్రాక్టులు 2025తో ముగిశాయి. లీగ్‌కూ ఆటగాళ్ల సంఘానికీ మధ్య జీతభత్యాల మీద కొత్త ఒప్పందం ఇది రాస్తున్న 2025 డిసెంబరు చివరికి ఇంకా కుదరలేదు, ఆ సంఘానికి అధ్యక్షురాలు ఒగుమికేయే. ఒప్పందం కుదిరేదాకా ఎవరు ఉంటారో ఎవరు వెళ్తారో తేలదు. కాబట్టి ఎవరైనా 2026లో స్టార్మ్ ఇన్ని మ్యాచ్‌లు గెలుస్తుందని ఇప్పుడే అంకెలు చెబితే నమ్మకండి.

తేలిన సంగతులు మాత్రం రెండున్నాయి. మొదటిది డ్రాఫ్ట్ ఎంపికలు. లాయిడ్ తాను వెళ్లిపోతానని కోరినప్పుడు, 2025 ఆరంభంలో మూడు జట్ల మధ్య జరిగిన మార్పిడిలో స్టార్మ్‌కు ఆ ఏడాది డ్రాఫ్ట్‌లో రెండో ఎంపిక, 2026లో లాస్ ఏంజెలెస్ స్పార్క్స్ వంతు మొదటి రౌండ్ ఎంపిక దక్కాయి. మొదటిదానితో ఫ్రాన్స్‌కు ఆడే డొమినిక్ మలోంగాను తీసుకున్నారు. రెండో ఎంపిక, డ్రాఫ్ట్ వరుసను తేల్చడానికి ఇటీవల తీసిన లాటరీలో మూడో స్థానానికి వచ్చింది. మలోంగా కామెరూన్‌లో పుట్టింది, ఎత్తు ఆరడుగుల ఆరంగుళాలు, ఇరవై ఏళ్లు నిండింది ఈ నవంబరులోనే. సీజన్ మొదట్లో బెంచీ మీదే ఎక్కువగా కూర్చోబెట్టారు. జులై తర్వాత కాస్త సమయం ఇచ్చేసరికి, బుట్ట కింద ఇద్దరి మధ్య నుంచి చేయి చాచి బంతి అందుకుని, కాళ్లు నేలకు తగిలీ తగలకముందే మళ్లీ లేచి వేసిన షాట్లు చూశాక, ఈ జట్టు భవిష్యత్తు ఈ అమ్మాయేనన్న నమ్మకం నాకు కుదిరింది. ఆమెకు నిండా ముప్పై నిమిషాలు ఇచ్చి, తప్పులు చేయనిచ్చి, ఓపిక పట్టాలి. అలా చేస్తే ఓటములు వస్తాయి, రానివ్వాలి.

తేలిన రెండో సంగతి కొత్త కోచ్. సీజన్ అయ్యాక నొయెల్ క్విన్ కాంట్రాక్టును పొడిగించకుండా, అక్టోబరులో సోనియా రామన్‌ను నియమించారు. డబ్ల్యూఎన్‌బీఏలో ప్రధాన కోచ్ పదవి చేపట్టిన తొలి భారత సంతతి మహిళ ఆమె. న్యాయశాస్త్రం చదివి, ఎంఐటీ విద్యార్థినుల జట్టుకు పన్నెండేళ్లు కోచ్‌గా ఉండి, ఆ తర్వాత పురుషుల లీగ్ ఎన్‌బీఏలో మెంఫిస్ గ్రిజ్లీస్‌కు, 2025లో న్యూయార్క్ లిబర్టీకి సహాయ కోచ్‌గా పనిచేశారు. మన పిల్లలకు ఆ పేరు, ఆ ముఖం కోర్టు పక్కన కనబడటం నాకు ఎంతో సంతోషంగా ఉంది. అంతకంటే ముఖ్యంగా, చదువుల ఒత్తిడి మధ్య ఆడే విద్యార్థినులను ఏళ్ల తరబడి తీర్చిదిద్దిన అనుభవం మలోంగా వయసువారికి బాగా పనికొస్తుందని అనుకుంటున్నాను.

టికెట్ల సంగతి. సీజన్ మొత్తానికి ఒకేసారి కొనే ముందు ఒప్పందం కుదిరి షెడ్యూలు ఖరారయ్యేదాకా ఆగడం మంచిది, విడి టికెట్లు ఎలాగూ దొరుకుతాయి. మీ అమ్మాయి ఆట నేర్చుకుంటోంది కనుక ధర తక్కువని బుట్ట వెనక సీట్లు తీసుకోకుండా, కొంచెం పైనైనా సరే కోర్టు పొడవునా కనిపించే వైపు తీసుకోండి, బంతి లేనివాళ్లు ఎలా కదులుతున్నారో అక్కడి నుంచే తెలుస్తుంది. గంట ముందే వెళ్తే వార్మప్ చూడవచ్చు. వెస్ట్‌లేక్ దగ్గర మోనోరైలు ఎక్కితే పార్కింగ్ బాధ ఉండదు, దిగాక అరీనా బయట 2025 ఆగస్టులో ప్రతిష్ఠించిన సూ బర్డ్ విగ్రహాన్ని కూడా చూపించండి. 2026లో పోర్ట్‌లాండ్, టొరంటోల నుంచి రెండు కొత్త జట్లు వస్తున్నాయి. పోర్ట్‌లాండ్ జట్టు పేరు ఫైర్. స్టార్మ్ మొదలైన 2000లోనే మొదలై, రెండేళ్ల తర్వాత మూతపడిన జట్టు పేరది. కారులో మూడు గంటల దూరం కనుక వాళ్లతో జరిగే మ్యాచ్‌లకు రెండు ఊళ్ల జనమూ వస్తారు, ఒక్క మ్యాచే చూడగలిగితే అది చూడండి.