కాన్పుకో పన్ను పోతుందా?

ప్రశ్న: మా వదిన కూలికి వెళ్తుంది. ఇద్దరు పిల్లలు, ఇప్పుడు అయిదో నెల. కాన్పుకొకటి చొప్పున రెండు దవడ పళ్లు పోయాయి. ఇప్పుడు చిగుళ్ల నుంచి రక్తం వస్తోంది. బిడ్డ కాల్షియం లాగేసుకుంటుందంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: కాదండీ. బిడ్డకు కాల్షియం తల్లి తినే తిండి నుంచి అందుతుంది, చాలకపోతే ఆమె ఎముకల నుంచి. పళ్ల నుంచి మాత్రం పోదు. పళ్లు పోయేది పుచ్చు వల్ల, చిగుళ్ల జబ్బు వల్ల.

గర్భంతో ఉన్నప్పుడు హార్మోన్ల వల్ల, పళ్ల మొదట్లో కొద్దిపాటి గార ఉన్నా చిగుళ్లు బాగా వాస్తాయి. రక్తం చూసి తోమడం మానేస్తే గార ఇంకా పేరుకుంటుంది. మెత్తటి బ్రష్‌తో రెండు పూటలా తోమాలి. పేస్టులో ఫ్లోరైడ్ 1000 పీపీఎం ఉండాలి. బొగ్గుపొడి, పొగాకుపొడి వద్దు. వాంతి అయిన వెంటనే తోమకూడదు, ఆమ్లానికి మెత్తబడ్డ ఎనామిల్ (పంటి గట్టి పైపొర) అరిగిపోతుంది. గ్లాసు నీళ్లలో పావు చెంచా తినేసోడా కలిపి పుక్కిలించి, గంట ఆగి తోమమనండి.

పేదింటి తల్లుల పళ్లు ఎక్కువగా పోవడానికి పెద్ద కారణం ఆలస్యం. ఆస్పత్రికెళితే ఒక రోజు కూలి పోతుంది, పిల్లల్ని చూసేవాళ్లుండరు. చిన్న పుచ్చు పూడ్చకుండా వదిలేస్తే నరం దాకా పోతుంది. అప్పుడు రూట్ కెనాల్‌కు (పన్ను తీయకుండా లోపల శుభ్రం చేసి పూడ్చే వైద్యానికి) డబ్బుల్లేక పీకించేసుకుంటారు. ఇది ఆమె తప్పు కాదు.

అయిదో నెల వైద్యానికి అనువైన సమయం. క్లీనింగ్, ఫిల్లింగ్, మత్తు సూది వేసి పన్ను తీయడం, అన్నీ చేయించుకోవచ్చు. ప్రభుత్వాసుపత్రి దంత విభాగానికి తీసుకెళ్లి, గర్భిణి అని ముందే చెప్పండి. డాక్సీసైక్లిన్ (యాంటీబయాటిక్), ఐబుప్రొఫెన్ (నొప్పి మాత్ర) సొంతంగా కొని వేయకండి. ముఖం వాచినా, జ్వరం వచ్చినా ఆ రోజే వెళ్లాలి.