నా ఫొటోలు నావే కదా, మళ్లీ ఎవరిని అడగాలి?

ప్రశ్న: మేడమ్, 2010 నుంచి 2013 దాకా నారాయణగూడలో ఒక అద్దె పోర్షన్‌లో ఉండేదాన్ని. తన జీవితాన్నీ స్నేహితుల్నీ దాచకుండా ఫొటోలు తీసిన అమెరికన్ ఫొటోగ్రాఫర్ నాన్ గోల్డిన్ పనిని చూసిన ఊపులో, సెకండ్ హ్యాండ్ ఫిల్మ్ కెమెరా కొనుక్కుని రోజూ మా బతుకే తీసుకుంటూ పోయాను. రూమ్మేట్ స్నానం చేసొచ్చి తల ఆరబెట్టుకోవడం, అప్పట్లో నాతో ఉన్న అబ్బాయి నిద్రపోవడం, గొడవ తర్వాత ఏడ్చి ఉబ్బిన నా మొహం, ఆస్పత్రి మంచం మీద అమ్మ, ఓనర్ గారి మనవడు పెరట్లో బకెట్లో స్నానం. ఇప్పుడు ఎగ్జిబిషన్ పెట్టి పుస్తకం వేద్దామంటే ఆ అబ్బాయి నోటీసు పంపిస్తానంటున్నాడు. రూమ్మేట్ అప్పట్లో సరేనంది, ఇప్పుడు పెళ్లయి ఎక్కడో ఉంది. అమ్మ లేదు. నా జీవితం, నా కెమెరా, నేను ఎవరినైనా అడగాలా?

జవాబు: అడగాలండీ. మీకు నచ్చని మాటే, కానీ ముందే చెప్పేస్తే మంచిది.

కాపీరైట్ మీదే, అందులో అనుమానం లేదు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఫొటో ఎవరు తీస్తే వాళ్లే దాని కర్త, ఎవరూ డబ్బిచ్చి తీయించుకోలేదు కాబట్టి హక్కూ మీదే, మీ తర్వాత ఇంకో 60 ఏళ్లు మీ వారసులది. అయితే ఒక్క విషయం గుర్తు తెచ్చుకోండి. ఏడుస్తున్న మీ ఫొటో ఎవరు తీశారు? టైమర్ పెట్టి మీరే తీసుకుంటే ఇబ్బంది లేదు. ఆ అబ్బాయి తీసి ఉంటే మాత్రం కెమెరా మీది, రీలు మీది, మొహమూ మీదే అయినా ఆ ఒక్క ఫొటో కాపీరైట్ అతనిదే అవుతుంది. అతను సంతకం పెట్టి రాసిస్తే తప్ప పుస్తకంలో వేయకండి. రాయించుకుంటే ఏ ఫొటో, ఏ హక్కు, ఎన్నేళ్లకి, ఎంత డబ్బుకి అన్నది స్పష్టంగా ఉండాలి. గడువు రాయకపోతే చట్టం దాన్ని 5 ఏళ్లుగానే లెక్కేస్తుంది, ఎక్కడెక్కడ వాడొచ్చో రాయకపోతే భారతదేశం వరకే.

ఇక అసలు సంగతి. కాపీరైట్ ఉంది కదా అని ఫొటోలో ఉన్న మనిషి మీద మనకి హక్కు రాదు. ఒకరి సొంత జీవితం, ఇల్లు, పెళ్లి, సంసారం గురించి వాళ్ల ఒప్పుకోలు లేకుండా బయటపెడితే నష్టపరిహారం కట్టాల్సి రావచ్చని సుప్రీంకోర్టు 1994లోనే ఆర్.రాజగోపాల్ కేసులో చెప్పింది. 2017లో పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది జడ్జిలు గోప్యత ప్రాథమిక హక్కేనన్నారు. ఆ అబ్బాయి సివిల్ కోర్టుకి వెళ్లి ఎగ్జిబిషన్ ఆపమని ఇంజంక్షన్ అడిగితే గట్టిగానే వాదించుకోగలడు.

మీ రూమ్మేట్ ఫొటో గురించే నాకు ఎక్కువ బెంగగా ఉంది. స్నానం చేసొచ్చి అంటున్నారు, ఒంటి మీద ఏముందో రాయలేదు. లోపలి బట్టలతోనో అంతకంటే తక్కువతోనో ఉంటే వ్యవహారం క్రిమినల్ అవుతుంది. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 77లో ఒక వివరణ ఉంది: తీయడానికి ఒప్పుకున్న స్త్రీ, ఇతరులకి చూపించడానికి ఒప్పుకోకపోతే, చూపించడం నేరం. పాత ఐపీసీలో 'పురుషుడు' అని ఉండేది, 2024 జూలై 1 నుంచి 'ఎవరైనా' అయింది కాబట్టి ఆడవాళ్లం కదా అనుకోవడానికి లేదు. మొదటిసారే ఏడాది నుంచి మూడేళ్ల జైలు. ఒప్పుకోలు లేకుండా ఒంటి రహస్య భాగాల ఫొటో తీయడం, పంచడం నేరమనే ఐటీ చట్టం 66ఈ అయితే మగవాళ్ల ఫొటోలకీ వర్తిస్తుంది, నిద్రపోతున్న ఆ అబ్బాయి ఎలా ఉన్నాడో అదీ చూసుకోండి. ఫొటో తీసినప్పుడు 'సరే' అన్నది అప్పట్లో ఒక గదిలో, ఒక స్నేహితురాలితో అన్న మాట. గ్యాలరీ గోడకీ ఇన్‌స్టాగ్రామ్‌కీ ఆ మాట సరిపోదు.

ఓనర్ గారి మనవడి స్నానం ఫొటో తీసేయండి. పల్లె నుంచి పట్నం దాకా అందరి ఆల్బముల్లో ఉండే ఫొటోయే అది, మీ మనసులో ఏ చెడూ లేదని నాకు తెలుసు. కానీ పిల్లల విషయంలో లైంగిక నేరాల నుంచి వాళ్లని కాపాడే పోక్సో చట్టం, పిల్లల అశ్లీల చిత్రాలు ఆన్‌లైన్‌లో పెట్టడాన్ని శిక్షించే ఐటీ చట్టం 67బి ఉన్నాయి, పైగా ఆ పిల్లాడు ఇప్పుడు కాలేజీ వయసు కుర్రాడు. దీని మీద వాదన పెట్టుకోవద్దు.

అశ్లీలం అంటారేమోనన్న భయం మాత్రం అంతగా వద్దు. 2014లో అవీక్ సర్కార్ కేసులో సుప్రీంకోర్టు, నగ్నంగా ఉన్నంత మాత్రాన అశ్లీలం కాదనీ, సందర్భంతో సహా నేటి సమాజం దృష్టితో చూడాలనీ చెప్పింది. అమ్మ ఫొటో విషయంలోనూ చట్టం అడ్డు రాదు. గోప్యత మనిషితోనే పోతుందని, వారసులకి రాదని జయలలిత గారి మీద సినిమా కేసులో మద్రాస్ హైకోర్టు అంది. అన్నదమ్ములుంటే వాళ్లకి ముందు చూపించండి. ఇది లాయరుగా కాదు, అమ్మని పోగొట్టుకున్న మనిషిగా చెప్తున్నాను.

మీరే గోల్డిన్ పేరెత్తారు కాబట్టి అంటున్నాను, 1970ల చివర్లో న్యూయార్క్‌లో ఆమె తన ఫొటోల స్లైడ్లు వేసి చూపించినప్పుడు ఎదురుగా కూర్చున్నది చాలామటుకు ఆ బొమ్మల్లో ఉన్న స్నేహితులే. మన హైదరాబాద్‌లో ఫొటోగ్రాఫర్ రాజా దీన్ దయాళ్ 1892లోనే పరదాలో ఉండే ఆడవాళ్ల కోసం జనానా స్టూడియో పెట్టి, లోపల ఫొటోలు తీసే పని ఒక ఆంగ్ల మహిళకి అప్పగించారు. ఎవరు తీయాలి, ఎవరు చూడాలి అన్న ప్రశ్న ఈ నగరంలో అంత పాతది. మీరు కూడా గ్యాలరీ కంటే ముందు వాళ్లకే చూపించండి. రూమ్మేట్ ఊరెళ్లి ప్రింట్లు చేతికివ్వండి, లేదా వాట్సాప్‌లో పంపండి, ఆ ఫోన్‌లో వచ్చిన జవాబు చెరిపేయకండి, రేపు అదే సాక్ష్యం. ఒప్పుకోలు పత్రానికి స్టాంపు పేపరే ఉండాలని లేదు, తెల్లకాగితం చాలు. దాని మీద ఫొటోలు చిన్నవిగా ప్రింట్ చేసి, ఎగ్జిబిషన్‌కి సరేనా, పుస్తకానికి సరేనా, ఆన్‌లైన్‌కి సరేనా అని విడివిడిగా అడిగి, ఒక్కోదాని పక్కన సంతకం తీసుకోండి. చాలామంది పుస్తకానికి ఊ అని ఆన్‌లైన్‌కి ఊహూ అంటారు. ఊహూ అన్నది తీసేయండి.

ఆ అబ్బాయి నోటీసు నిజంగా వస్తే కంగారుపడి ఫోన్ చేసి పోట్లాడకండి. జవాబు ఇచ్చేదాకా అతని ఫొటోలు ఒక్కటీ ఎక్కడా పెట్టకుండా, నెగటివ్‌లు ఏవీ చింపకుండా, కవరుతో సహా నోటీసు తీసుకుని ఒక లాయరు దగ్గరికి వెళ్లండి.