ఎదుటివాళ్లను చూసి నేర్చుకున్నదంతా మన స్వభావం అయిపోతుందా?

కాదు, చూసి నేర్చుకోవడం వేరు, నేర్చుకున్నది చేసి చూపడం వేరు. మన స్వభావంగా నలుగురికీ కనిపించేది ఆ రెండోదే. ఈ రెండింటి మధ్యలో ఆలోచన ఉంటుంది. ఈ పని చేస్తే ఏమవుతుంది, ఆ ఫలితం నాకు ముఖ్యమా, అసలిది నావల్ల అవుతుందా అని మనసు లెక్కలు వేసుకుంటుంది. ఒకే ఇంట్లో పెరిగిన ఇద్దరు వేరువేరుగా తయారవడానికి ఈ లెక్కలూ ఒక కారణమే.

మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బండూరా 1965లో ప్రచురించిన ప్రయోగం చూడండి. గాలి నింపిన బొమ్మను ఒకాయన చితకబాదే సినిమాను చిన్నపిల్లలకు చూపించారు. కొట్టినవాడికి కొందరు చూసినదాంట్లో మెప్పు దొరికింది, కొందరు చూసినదాంట్లో చీవాట్లు పడ్డాయి, ఇంకొందరు చూసినదాంట్లో ఏమీ జరగలేదు. చీవాట్లు చూసిన పిల్లలు అతన్ని తక్కువగా అనుకరించారు. ఆ తర్వాత, చూసింది చేసి చూపిస్తే స్టిక్కర్లు, జ్యూస్ ఇస్తామనగానే వాళ్లూ మిగతావాళ్లతో సమానంగా దించేశారు! పాఠం అందరి బుర్రలోకీ ఎక్కింది, వీళ్లు బయటపెట్టలేదంతే.

చూసి నేర్చుకోవడం గురించి బండూరా చెప్పిన సిద్ధాంతం మనిషిని పరిసరాల చేతిలో కీలుబొమ్మ అంటుందని చాలామంది పొరబడతారు. పరిసరాలు మనల్ని మలుస్తాయి నిజమే, కానీ ఎవరితో తిరగాలో, ఏ పనికి దిగాలో ఎంచుకుని ఆ పరిసరాలను మనమూ మారుస్తుంటాం అన్నది బండూరా మాట.